కుంపిణీ కొలువులో కుఱ్ఱ వ్రాయసగాండ్రు



నా శిష్యు డొకడు నగరములో నొక పెద్ద వర్తకసంస్థయందు ఉద్యోగము సంపాదించుకొని, ఆఱు నెలల పిమ్మట నన్ను జూడ వచ్చెను. బడిలో నున్నప్పుడు వాడు మంచి మాటకారి. ఇప్పుడు ముఖము వాడియున్నది. పని కష్టముగా నున్నదా నాయనా యని యడిగితిని. "పని కష్టం కాదు మాస్టారూ. నేను కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచానో లెక్క వ్రాసేవాడు ఒకడున్నాడు. కూర్చుని ఏం చేశానో అడిగేవాడే లేడు" అని చెప్పి నవ్వెను. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నీ పైయధికారి యెవరని యడిగితిని. "ఆయనకీ పైవాడున్నాడండి. ఆ పైవాడికి ఇంకొకడు. చిట్టచివర ఎవరున్నారో మాలో ఎవరికీ తెలియదు" అనెను.

వాని కాదినము నేను చెప్పిన పాతకథనే నేడు మీకు విన్నవింపబోవుచున్నాను. వానికి భోజనవేళ యగుటచే సగమే చెప్పితిని. మీకు తప్పదు.

1612వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందు సర్ ఎడ్వర్డు కోకు అను న్యాయాధిపతి, సట్టను అను ధనికుడు నెలకొల్పిన ధర్మశాలను గూర్చిన వ్యాజ్యెములో నొక తీర్పు చెప్పెను. రాజశాసనముచే నేర్పడిన సంఘము చట్టము దృష్టిలో నొక వ్యక్తివంటిదే. అయినను దానికి రాజద్రోహ దోష మంటదు, దానిని మతమునుండి వెలివేయుటకును వీలులేదు, ఏలయన దానికి ఆత్మ లేదు. ఇది యా తీర్పులోని భావము. తర్కసంగ్రహమైనను చదువుకొన్న మావంటివారికి ఈ మాట వినగానే యొక సందేహము పొడమును. ఆత్మ విడిచిన దేహమునకు మనలో శవమని పేరు. శవము తినదు, త్రాగదు, అప్పు పుచ్చుకొనదు, ఉత్తరములు వ్రాయదు. ఇదియో, యివి యన్నియు చేయును. చాలక మనుష్యులను జీతమునకు పెట్టుకొనును. అట్టి విచిత్రమైన శవమునొద్ద కొలువు చేసిన పిల్లల కథ యిది.

ఆ తీర్పునకు పండ్రెండేండ్లకు ముందే, 1600వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీని ఎలిజబెత్తు రాణి లండను వర్తకులకు శాసనమిచ్చెను. అదియే ఈస్టిండియా కంపెనీ. మన పెద్దలు దానిని కుంపిణీ యనిరి. 1611లో ఆ కుంపిణీవారి గ్లోబు అను ఓడ మన తీరమునకు వచ్చి నిజాంపట్టణమునను మచిలీబందరునను సరకు దింపెను. బందరులో వారు కొట్టు పెట్టిరి. 1639లో చెన్నపట్టణపు ఇసుకతిప్ప వారి చేతికి వచ్చెను. మఱుసటి యేడు కోట కట్ట నారంభించిరి. అది మొదలు రెండువందల యేండ్లకు పైగా ఏటేట ఓడలమీద లండనునుండి కుఱ్ఱవాండ్రు దిగుచుండిరి.

ఈ కుఱ్ఱవాండ్రకు రైటర్లని పేరు. అనగా వ్రాయసగాండ్రు. పేరునకు తగినట్లు వారి పని వ్రాయుటయే. కోటలో జరిగిన ప్రతి ఆలోచనసభయు, కొన్న ప్రతి బట్టల మూటయు, తెగిపోయిన ప్రతి తాడును లెక్కకెక్కవలెను. ఓడ మునిగినను ఉత్తరము మునుగరాదు గనుక ఒకే లేఖకు నకళ్లు వ్రాసి వేఱువేఱు ఓడలలో పంపెడివారు. ఆ లేఖ లండను చేరుటకు ఆఱు నెలలు. ప్రత్యుత్తరము వచ్చుటకు ఏడాదికి మించును. లెడెన్‌హాల్ వీథిలో ఇరువది నలుగురు డైరెక్టర్లు కూర్చుండి, తా మెన్నడును చూడని యెండను గూర్చియు, తమకు తెలియని వానను గూర్చియు ఆజ్ఞలు పంపుచుండిరి. రైటరుగా నైదేండ్లు గడిపినవాడు ఫాక్టరగును. తరువాత చిన్న వర్తకుడు. అటుపిమ్మట పెద్ద వర్తకుడు. తొలినాళ్లలో అందఱును కోటలో నొకే పంక్తిని భుజించెడివారు. హోదా ననుసరించి వరుస. మన పంక్తిభోజనములలోని తగవులు మనకే సొంతమని నే ననుకొనుచుండెడివాడను. ఈ సంగతి చదివిన పిదప మనవారిని క్షమించితిని.

జీతమందురా, పదునెనిమిదవ శతాబ్దపు నడుమ రైటరుకు సంవత్సరమునకు 5 పౌనులు. నెలకు కాదు, సంవత్సరమునకే. వరహాను 8 షిల్లింగులుగా గట్టిన పండ్రెండున్నర వరహాలు. తిండికి, బసకు వేఱుగ కొంత భత్యము గలదు. ఇంతటి జీతమునకు చేరు కుఱ్ఱవాని తరఫున 500 పౌనులకు జామీను పత్రము వ్రాసి యియ్యవలెను. అనగా నూఱేండ్ల జీతమునకు పూచీ. ఏ మహానుభావు డీ లెక్క వేసెనో గాని, పనివానియందు దాని కెంత నమ్మకమున్నదో, వానికి దా నెంత యియ్యదలచినదో రెండును ఒక్క కాగితముమీదనే కనబడును.

ఇక గొడుగు సంగతి వినుడు. 1670ల చివర చెన్నపట్టణపు కోటలో నొక కట్టడి చేసిరి. ఆలోచనసభలోని సభ్యులు, కొట్ల ముఖ్యులు, ఇంగ్లండు ఓడల కప్తానులు, మతగురువులు, వీరు తప్ప పట్టణమున మఱే మగవాడును నెత్తిపై గొడుగు పట్టించుకొనరాదు. స్త్రీలలో ఫాక్టరు భార్యకు తక్కువ హోదాగల యామె పట్టించుకొనరాదు. గవర్నరు దయతలచిన వారి మాట వేఱు. ఛత్రము రాజలాంఛనమని మన కావ్యములలో చదువుకొన్నాము. కాని చెన్నపట్టణపు వైశాఖమాసపుటెండలో మిట్టమధ్యాహ్నము కొట్టునుండి కోటకు నడచు పదునెనిమిదేండ్ల రైటరుకు అది లాంఛనము కాదు. తలమీద నీడ, అంతే.

ఇందులో మన తెలుగువారి పాత్రయు నొకటి గలదు. కుంపిణీకి చెన్నపట్టణములో పెద్ద వర్తకు డప్పుడు కాసి వీరన్న. ఆయన 1680లో చనిపోగా, ఆయన దత్తపుత్రునికి ముద్దు వీరన్న యని పేరిడి, తండ్రి జ్ఞాపకార్థము వానిపై గొడుగు పట్టుటకు అనుమతి నిచ్చి, ఊరికిని నాటికిని తెలియునట్లు పదునొకండు ఫిరంగులు ప్రేల్చిరి. సరకు తెచ్చువాని కుమారునికి గొడుగు. ఆ సరకు లెక్క వ్రాయువానికి ఎండ. కుంపిణీ లెక్కలలో ఆదరమునకును ఒక పద్దు గలదన్నమాట.

గొడుగుల తగవు తగ్గిన పిదప పల్లకుల తగవు వచ్చెను. 1754లో డైరెక్టర్లు, రైటర్లు తమ రైటరుతన మున్నంతకాలము గుఱ్ఱము, కుర్చీపల్లకి, పల్లకి వీని వ్యయమును మానుకొనవలసినదని ఆజ్ఞ పంపిరి. కలకత్తా కోటలోని రైటర్లు గడగడలాడి మహజరు వ్రాసికొనిరి. భరింపరాని యెండలును కుండపోత వానలును ఉండు నెలలలోనైనను పల్లకి యుంచుకొననిండు, నడచి పోయినచో ప్రాణములు దక్కవని వారి మొఱ. పల్లకు లిచ్చుటచేతనే మీరు పని మాని యూరు తిరుగుచున్నారు, ఆ సంగతి మేము బాగుగ నెఱుగుదుము అని ప్రత్యుత్తరము వచ్చెను. అంతటితో పోలేదు. 1758 మార్చిలో మఱల నొక కఠినశాసనము: ఏ రైటరైనను పల్లకి గాని, గుఱ్ఱము గాని, బండి గాని యుంచుకొన్నచో తత్‌క్షణమే పనినుండి తొలగింపబడును, ఈ విషయమై మనవులు వినబడవు.

ఈ యుత్తరప్రత్యుత్తరముల నడుమ నేమి జరిగెనో చూడుడు. 1756 జూనులో కలకత్తా కోట నవాబు సిరాజుద్దౌలా వశమయ్యెను. రైటర్లలో పలువురు ప్రాణములు కోలుపోయిరి. 1757 జూనులో ప్లాసీ యుద్ధము జరిగి వంగదేశము కుంపిణీ గుప్పిట పడెను. ఒక రాజ్యము పోయి యొక రాజ్యము వచ్చెను. లెడెన్‌హాల్ వీథిలో నింకను పల్లకుల విచారణ ముగియలేదు.

గొడుగును పల్లకిని ఇంత శ్రద్ధగా విచారించినవారు ఒక ప్రశ్న మాత్ర మడుగలేదు. అయిదు పౌనులతో వీ డెట్లు బ్రదుకుచున్నాడు? అడుగకపోవుట మఱచి కాదు. ఎఱిగియే. రైటరు తన సొంత వర్తకము చేసికొనవచ్చును. చేతిలో పైకము లేని కుఱ్ఱవానికి దుబాషీ వడ్డీకి పెట్టుబడి యిచ్చును. కుఱ్ఱవాడు తన కుంపిణీ పేరును దుబాషీ కిచ్చును. ఎలీహు యేలు అనువాడు 1672లో రైటరుగా వచ్చి, 1687లో చెన్నపట్టణపు గవర్నరై, 1692లో పదవి పోగొట్టుకొని, అయినను గొప్ప ధనవంతుడై స్వదేశము చేరెను. అమెరికాలోని యేలు విద్యాలయము వాని పేరు మోయుచున్నది. జీతములోనుండి మిగిల్చిన సొమ్మేనా యని యా విద్యాలయములో నెవరైన లెక్కచేసిరో లేదో.

తిలా పాపం తలా పిడికెడని మనలో సామెత. ఈ పాపములో పిడికెడు దక్కనివారు ఒకరే, దాని వెల నిచ్చుకొన్నవారు. గోదావరి తీరమున నరసాపురము దగ్గఱ మాధవాయపాలెమను నూరున్నది. అచట కుంపిణీకి కొట్టుండెడిది. ఆ యూరి పేరనే మాదపొల్లమను బట్ట సీమలో ప్రసిద్ధికెక్కెను. ముందుగా బయానా పుచ్చుకొన్న సాలెవాడు తీరువఱకును ఇతరులకు నేయరాదు. రైటరుకు సొంత వర్తక మున్నది, దుబాషీకి తన వాటా యున్నది, లండనులో వాటాదారునకు లాభ మున్నది. సాలెవానికి మగ్గ మున్నది.

ఈ రైటర్లలో నొకని కథ లోకమంతయు నెఱుగును. రాబర్టు క్లైవు 1725లో పుట్టెను. తండ్రి వానిని భరింపలేక కుంపిణీలో చేర్చె నందురు. 1743లో నెక్కిన యోడ బ్రెజిలు తీరమున చిక్కుకొనగా అక్కడ నెలల తరబడి యుండి, ఉన్న సొమ్ము ఖర్చుచేసి, 1744లో చెన్నపట్టణము చేరెను. ఎవరికి పరిచయలేఖ తెచ్చెనో ఆ పెద్దమనిషి యప్పటికే ఓడయెక్కి ఇంగ్లండు పోయియుండెను. స్వదేశము విడిచిన తరువాత తాను సుఖముగా నున్న దిన మొకటియు లేదని యింటికి వ్రాసికొనెను.

వాని చరిత్రకారులు చెప్పు నొక ముచ్చట గలదు. క్లైవు ఒకనాడు సెక్రటరీతో పెడసరముగా మాటాడెను. గవర్నరు పిలిపించి, క్షమాపణ చెప్పుకొనుమని ఆజ్ఞాపించెను. క్లైవు పోయి చెప్పుకొనెను. సెక్రటరీ మంచివాడు, జరిగినది మఱచి, మాయింట భోజనమునకు రమ్మని పిలిచెను. "అయ్యా, గవర్నరుగారు తమకు క్షమాపణ చెప్పుకొమ్మన్నారు గాని, తమతో భోజనం చేయమనలేదు" అని క్లైవు సమాధానము. ఈ ముచ్చట నేను తరగతిలో చెప్పినప్పుడెల్ల వెనుకబల్లవారి కన్నులు మెఱసెడివి. అందుచేత పరీక్షలముందు చెప్పుట మానితిని.

మఱియొక ముచ్చట చెప్పుటకు నోరాడదు. ఆ విసుగులో, ఆ యొంటరితనములో, వాడు రెండుమారులు పిస్తోలుతో ప్రాణము తీసికొనబోయెననియు, రెండుమారులును అది పేలలేదనియు, పిమ్మట గదిలోనికి వచ్చిన స్నేహితుడు దానిని కిటికీలోనుండి కాల్చగా పేలెననియు పరంపరగా వచ్చిన కథ. కుంపిణీవారు చవకలో కొన్న పిస్తోలు కాబోలునండి యని నా శిష్యు డొకడనగా తరగతియంతయు నవ్వెను, నేనును నవ్వితిని. ఇంటికి పోయిన తరువాత ఆ నవ్వు నన్ను బాధించెను. పేలియున్నచో వాని పేరు చిట్టాలో నొక గీతతో కొట్టివేయబడి, మఱుసటి యోడలో నింకొకడు వచ్చియుండును. చరిత్రలో పేరులేని రైటర్లెందఱో యట్లే పోయిరి, పిస్తోలుతో కాదు, జ్వరముతో. బొంబాయిలో తెల్లవాని యాయువు రెండు వానకాలము లని యానాడే సామెత పుట్టెను.

క్లైవు బ్రదికెను. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణము పట్టుకొనగా మాఱువేషమున తప్పించుకొని పోయి, కలము విడిచి కత్తి పట్టెను. ప్లాసీ పిదప మీర్ జాఫరు వలన 2,34,000 పౌనులును, ఏటేట 27,000 పౌనుల జాగీరును పొందెను. 1765లో గవర్నరై మఱల వచ్చి, కుఱ్ఱ ఉద్యోగులందఱచేతను కానుకలు పుచ్చుకొనమని ప్రమాణపత్రములు వ్రాయించెను. ఆ పత్రములమీద సంతకము చేయుచు ఆ కుఱ్ఱవాండ్రేమనుకొనిరో కుంపిణీ కాగితములలో లేదు. 1770లో వంగదేశమున ఘోరక్షామము వచ్చి జనములో మూడవవంతు నశించిరని యప్పటి యధికారులే లెక్క చెప్పిరి. 1771లో కుంపిణీ తన వాటాదారులకు నూటికి 12½ చొప్పున లాభము పంచెను. 1774లో క్లైవు లండనులో, తన గృహముననే, తన చేతనే మరణించెనని పలువుర నమ్మకము.

ఆజ్ఞలు పంపిన లండను గృహములోని గుమాస్తాలైన సుఖపడిరా? 1792లో, పదునేడేండ్ల ప్రాయమున, చార్లెసు ల్యాంబు ఆ యింట లెక్కల శాఖలో చేరెను. మొదటి మూడేండ్లు జీతమే లేదు. 1796లో వాని యక్క మేరీ మతిచలించి తల్లినే చంపెను. ఆ యక్కను జీవితాంతము కాపాడుకొనుటకై ఆ గుమాస్తా పెండ్లి మాని, తేయాకు, నీలిమందు, బట్టల పద్దులు వ్రాయుచు ముప్పదిమూడేండ్లు ఒకే బల్లయొద్ద కూర్చుండెను. రాత్రులు వ్రాసిన వ్యాసములు ఇంగ్లీషు సాహిత్యములో చిరస్థాయిగ నిలిచినవి. కాని తన అసలైన గ్రంథములు లెడెన్‌హాల్ వీథిలోని బీరువాలలో నున్న లెక్కపుస్తకములే యని యాయన హాస్యమాడెడివాడు. కచేరికి ఆలస్యముగా వచ్చుచున్నావేమని మందలింపగా, అందుకు బదులు పెందలకడ పోవుచున్నాను గదా యనెనట.

1825లో వానికి ఉపకారవేతన మిచ్చి పంపిరి. విడుదలయైన తరువాత ఏమి చేయవలెనో తోచక తిరిగిన దినములను గూర్చి యాయన యొక వ్యాసమే వ్రాసెను. నేనును బడిలో ముప్పదిమూడేండ్లే పనిచేసితిని. విరమించిన మఱునాటి యుదయమున, అలవాటు చొప్పున గొడుగు పుచ్చుకొని వీథి చివఱివఱకు పోయి, బడిగంట వినబడగా నిలిచిపోయితిని. ఆ గంట నాకు కాదని తెలియుటకు కొంతసేపు పట్టెను. ల్యాంబు వ్యాసము నాకు పాఠముగా చెప్పినప్పుడు అర్థము కాలేదు. ఆనా డర్థమయ్యెను.

కడపట మనకు మిక్కిలి దగ్గఱివాడైన యొక కుంపిణీ కుఱ్ఱవానిని దలచుకొందము. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో చెన్నపట్టణమునకు కొలువునకై వచ్చెను. అప్పటికి జీతములు పెరిగినవి, సొంత వర్తకము నిషేధింపబడినది, కోటలో 1812లోనే నెలకొల్పిన కళాశాలయందు కుఱ్ఱ ఉద్యోగులు దేశభాషలు నేర్వవలసి యుండెను. అక్కడ పలువురు నేర్చినది అప్పులు చేయుట. బ్రౌనుకును అప్పు లయినవి. కాని గుఱ్ఱములకును విందులకును కాదు, తాళపత్రములకును పండితులకును. కడపలో తన బంగళాలోనే పండితులకు జీతములిచ్చి గ్రంథములు శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను వెదకి కూర్చి 1829లో అచ్చొత్తించెను. ఆ పండితుల జీతము లే కుంపిణీ పద్దులోను చేరవు.

1832-33, నందన నామ సంవత్సరము. గుంటూరు సీమలో డొక్కల కఱవు వచ్చెను. అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది మరణించిరి. త్రోవల ప్రక్కన శవములు పడియుండెను, పూడ్చువారు లేరు. ఆ దినములలో నా ప్రాంతమున ఉద్యోగములో నుండిన బ్రౌను, తన నివేదికలలో దీనిని కఱవు అనియే వ్రాసెను. పైవారు మందలించిరట. కఱవు అనరాదు, కొఱత అనవలెను. కఱవు అని యొప్పుకొన్నచో శిస్తు మాట వచ్చును, సాయము మాట వచ్చును. కొఱత యనినచో ఏ మాటయు రాదు. నిఘంటువు కట్టుచున్న మనిషికి ఒక మాటకు బదులింకొక మాట వ్రాయుమని చెప్పిరి.

ఆ 1833లోనే ఇంగ్లండు పార్లమెంటు కుంపిణీ వర్తకమును మాన్పించి, అందులకు బదులుగా దాని వాటాదారులకు నూటికి 10½ చొప్పున లాభము మన దేశపు ఆదాయములోనుండియే నలువదేండ్లు చెల్లింపవలసినదని నిర్ణయించెను. దానిని లాభ మనియే వ్రాసిరి. ఆ మాటను మార్చుమని ఎవరును మందలింపలేదు.

1834లో బ్రౌను కొలువు వదలి ఇంగ్లండు పోవలసివచ్చెను. మూడేండ్లకు మఱల వచ్చెను. ఆయన తెలుగు నిఘంటువు 1852లో అచ్చయ్యెను. దాని ప్రతి యొకటి నా బల్లమీద నున్నది. శిష్యుడు వచ్చిన నాడు భోజనమైన పిదప వానికి దానిని తెఱచి చూపితిని. వాడు ఆ పుట చాలసేపు చూచి, తన పనిచోటనుండి వచ్చిన యేదో పిలుపునకు లేచి పోయెను. కఱవు అను మాట దానిలో నున్నది.